వార్డు మెంబరుగా మొదటిసారి నిలబడుతున్నారా? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముందుగా చేసుకోవాల్సిన పనులు

నోటిఫికేషన్ వచ్చాక చూసుకుందాం అనుకుంటే పంచాయతీ ఎన్నికల్లో టైము చాలదు. 2021 ఎన్నికలనే తీసుకోండి. తొలి విడతలో జనవరి 29 నుంచి 31 వరకు నామినేషన్లు తీసుకున్నారు. ఫిబ్రవరి 1న పరిశీలన జరిగింది. 4వ తేదీ మధ్యాహ్నం 3 గంటలతో ఉపసంహరణ గడువు ముగిసింది. 9న పోలింగ్. అంటే గుర్తు చేతికొచ్చాక జనం దగ్గరికి వెళ్లడానికి నికరంగా నాలుగైదు రోజులు. విజయనగరం జిల్లాలో ఆ తొలి విడత లేదు, తర్వాతి విడతల్లో జరిగాయి. తేదీలు మారాయి గానీ అక్కడా మిగిలిన రోజులు అన్నే.

అందుకే ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం షెడ్యూలు రాకముందు చేసుకోవాల్సిన పనులే. పోస్టర్లు, మైకులు, ర్యాలీల గురించి పెద్దగా చెప్పను. రెండు మూడు వందల ఓట్లున్న వార్డులో వాటివల్ల ఒరిగేది తక్కువ. మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా, జాబితాలో ఏ ఓటరు ఎక్కడున్నాడో మీకు తెలుసా, అసలు లెక్క ఈ రెండింటి మీదే నడుస్తుంది.

సర్పంచా, వార్డు మెంబరా?

మొదటిసారి నిలబడేవాళ్లకు నా సలహా వార్డే. కుర్రాళ్లు చాలామంది నేరుగా సర్పంచ్‌కి దిగాలనుకుంటారు. ఆ పోటీ వేరు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, నిజమే. కానీ సర్పంచ్ అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో చిన్న గుంటడిని అడిగినా చెప్తాడు. డబ్బు, మనుషులు, పై నాయకులు అందరూ దిగేది అక్కడే. వార్డుకి వచ్చేసరికి మీ వీధి, మీ చుట్టాలు, మీ మాట తీరు పనిచేస్తాయి. జనాభాను బట్టి పంచాయతీకి 5 నుంచి 21 దాకా వార్డులుంటాయి. అయిదేళ్లు లోపల కూర్చుంటే తీర్మానాలు ఎలా రాస్తారో, బిల్లులు ఎలా పాసవుతాయో తెలిసొస్తుంది. ఆ తర్వాత సర్పంచ్‌కి నిలబడితే మిమ్మల్ని ఎవరూ మభ్యపెట్టలేరు.

ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. వాటికి పార్టీ ఇచ్చే బీ-ఫారం కావాలి. విజయనగరం కార్పొరేషన్‌లోనో, పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీలోనో కౌన్సిల్‌కి నిలబడాలనుకునేవాళ్ల దారి వేరు. ఇక్కడ చెప్పేది పల్లెలవాళ్ల కోసం.

మీ ఓటు ఎక్కడుంది?

ఇది చూసుకోకుండా మిగతా ఏ పనీ మొదలెట్టకండి. పంచాయతీలో నిలబడాలంటే ఆ పంచాయతీ ఓటరు జాబితాలో మీ పేరుండాలి, 21 ఏళ్లు నిండాలి. మన రెండు జిల్లాల్లో చదువుకున్న కుర్రాళ్లు సగంమంది విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో పని చేస్తుంటారు. గాజువాకలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఎవరో చెప్పారని ఓటు అక్కడికి మార్చుకుని మర్చిపోయినవాళ్లు ఎంతోమంది. అలాంటివాళ్లు నిజంగా ఊరికి తిరిగొచ్చి ఉంటుంటే ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోవాలి. కొత్తగా నమోదు కావాలంటే ఫారం 6.

పంచాయతీకి విడిగా ఓటర్లను నమోదు చేయరు. శాసనసభ ఓటరు జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. 2021లో ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరిగాయి. ఆ తర్వాత 18 ఏళ్లు నిండినవాళ్లు రాష్ట్రంలో లక్షల్లో ఉండి కూడా ఓటు వేయలేకపోయారు. కాబట్టి మీ ఇంట్లో కొత్తగా ఓటు వచ్చిన పిల్లలుంటే, వీధిలో కొత్త కోడళ్లుంటే, ఈ వారమే బీఎల్వో (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్నికలప్పుడు చూద్దాం అనకండి.

వార్డులవారీ జాబితా ముసాయిదా పంచాయతీ ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలకు కొన్ని రోజులు గడువిస్తారు. ఆ రోజుల్లో తప్పకుండా వెళ్లి ఒక కాపీ తీసుకోండి. మీ వీధిలో సగం ఇళ్లు పక్క వార్డులో పడిపోయి ఉండొచ్చు. ఒకే ఇంట్లో మొగుడి ఓటు 4వ వార్డులో, పెళ్లాం ఓటు 5వ వార్డులో ఉండటం మన ఊళ్లల్లో కొత్తేమీ కాదు. అభ్యంతరం రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. గడువు దాటాక ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు.

రిజర్వేషన్ మీకు పడుతుందా?

వార్డుల రిజర్వేషన్ ప్రతిసారీ మారుతుంది. సగం స్థానాలు ఆడవాళ్లకు. అందుకే రిజర్వేషన్ జాబితా రాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి: వార్డు మహిళకు పడితే ఎవరు నిలబడతారు? అత్తా, కోడలా, చెల్లా? తీరా జాబితా వచ్చాక ‘మా ఆవిడ పేరు రాసేస్తాను’ అని ఆమెకు చెప్పకుండానే నామినేషన్ వేసే మగాళ్లున్నారు. మీరూ ఆ పని చేస్తే, గెలిచాక మీటింగులో కుర్చీలో కూర్చోవాల్సింది ఆమే, చట్టప్రకారం సంతకం పెట్టాల్సిందీ ఆమే. ఆమెకు ఇష్టముందో లేదో ముందే అడగండి. ఇష్టముంటే ఆమెనే వీధిలో తిరగనివ్వండి, మీరు వెనక నడవండి.

కుల ధ్రువపత్రం దగ్గర మన వైపు ఒక మెలిక ఉంది. మాటల్లో అందరూ ‘కాపులం’ అంటారు. బీసీ జాబితాలో ఉన్నది తూర్పు కాపు. వెలమల్లోనూ అంతే, బీసీ జాబితాలో కొప్పుల వెలమ, పోలినాటి వెలమ అని ఉంటాయి. బీసీకి రిజర్వైన వార్డులో నిలబడుతూ ఉత్త ‘కాపు’ అనో ‘వెలమ’ అనో ఉన్న కాగితం పట్టుకెళ్తే పరిశీలన రోజున అవతలివాడికి పండగే. బడి టీసీలో ఏముందో, ధ్రువపత్రంలో ఏముందో రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తేడా ఉంటే తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే సరిచేయించుకోండి.

ఆడవాళ్ల విషయంలో ఇంకోటి. కులం పుట్టుకతో వచ్చేదే గానీ పెళ్లితో మారదు. భర్త బీసీ అయినంత మాత్రాన ఓసీ ఇంట పుట్టిన ఆమె బీసీ స్థానంలో నిలబడలేదు. కాబట్టి ధ్రువపత్రం పుట్టింటి తండ్రి పేరుతో ఉండాలి. అది పుట్టింటి ఇంటిపేరుతో, ఓటరు జాబితా అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. ఇద్దరూ ఒకరే అని చూపించడానికి ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి ధ్రువపత్రం లాంటివి ఏది ఉంటే అది జతచేసి పెట్టుకోండి.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ పంచాయతీలు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే. ఆ ఊళ్ల లెక్క వేరు.

ఎవరు నిలబడకూడదు?

ముందు ఒక మంచి మాట. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే పోటీకి పనికిరారనే పాత నిబంధన ఇప్పుడు లేదు. 2024 నవంబరులో శాసనసభ దాన్ని ఎత్తేసింది. ఊళ్లో ఇంకా చాలామందికి ఈ సంగతి తెలియదు. ‘నీకు ముగ్గురు గదా బావూ, నీకెలా కుదురుద్ది?’ అని ఎవరైనా వెనక్కి లాగితే వినకండి.

మిగిలిన అడ్డంకులు అలాగే ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు, స్థానిక సంస్థల ఉద్యోగులు నిలబడకూడదు. అంగన్‌వాడీ కార్యకర్తలకూ కుదరదు. పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టు మీ పేరు మీద ఉంటే అదీ అడ్డే. వీధి కాలువ పనో, తాగునీటి ట్యాంకరో మీ పేరున ఉంటే ముందే తేల్చుకోండి. కోర్టు శిక్షలు పడినవాళ్లకు శిక్ష ముగిశాక కూడా కొన్నేళ్లు అనర్హత ఉంటుంది. అంటరానితనం కేసుల్లో, అంటే పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద శిక్ష పడినవాళ్లకూ అనర్హతే.

ఎక్కువమంది తట్టుకుని పడేది ఇంటిపన్ను దగ్గర. పంచాయతీ నోటీసు లేదా బిల్లు ఇచ్చి, గడువు దాటినా కట్టని బకాయి ఉంటే అది అనర్హతే. రెండు వందల రూపాయల కుళాయి బకాయి కూడా బకాయే. తాత పేరు మీదున్న పాత ఇల్లు, మీ పేరు మీదున్న కొత్త ఇల్లు, ఖాళీ స్థలం, కుళాయి కనెక్షన్ అన్నీ కట్టేసి, పంచాయతీ కార్యదర్శి దగ్గర బకాయి లేదని కాగితం రాయించుకోండి. నామినేషన్ల మూడు రోజుల్లో కార్యదర్శి దొరకడం కష్టం. ఆయన ఎన్నికల డ్యూటీలో ఉంటాడు, మీలాంటివాళ్లు ఇరవైమంది ఆయన చుట్టూ ఉంటారు.

ఊరి లెక్కలు చదవండి

ఓటడిగే ముందు మీ పంచాయతీకి ఎంత డబ్బొచ్చిందో, ఎక్కడ పోయిందో తెలుసుకోండి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆమోదించిన ప్రణాళిక, చెల్లింపులు కనిపిస్తాయి. ఫోన్లో చూడొచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. 2021-26 మధ్య కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది నిబంధన, 40 శాతం మిగతా అవసరాలకు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ‘డబ్బుల్లేవు, కాలువ తీయించలేం’ అన్న మాట ఎంతవరకు నిజమో మీరే లెక్కగట్టొచ్చు.

ఇది చదివాక మీ హామీలు వాటంతటవే తగ్గుతాయి, అదే మంచిది. వార్డు మెంబరు చేయగలిగింది వీధి దీపం, కాలువ పూడిక, కుళాయి లైను, చెత్త, సీసీ రోడ్డును ప్రణాళికలో పెట్టించడం, మీటింగులో లెక్క అడగడం. పింఛను, రేషన్ కార్డు, ఇంటి పట్టా మంజూరు చేయడం మెంబరు చేతిలో లేదు. ఆ అర్జీలన్నీ 2019 నుంచి గ్రామ సచివాలయంలోకి వెళ్తున్నాయి. కావాలంటే ‘సచివాలయానికి నీతో వస్తాను, అర్జీ రాసిపెడతాను’ అనండి. ‘పింఛను ఇప్పిస్తాను’ అనకండి. ఉద్దానం పల్లెల్లో మంచినీళ్ల మీద ఓట్లడగడం మామూలే. అక్కడి కిడ్నీ జబ్బుల కారణంగా హిరమండలం నుంచి పైపులైన్లతో నీళ్లు తెచ్చారు. పెద్ద లైను మీ చేతిలోది కాదు. మీ వీధి చివరి కుళాయికి నీళ్లు ఎందుకు ఎక్కట్లేదో అడగటం మీ పని.

గ్రామసభకు వెళ్లండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మామూలు రోజుల్లో మాత్రం పది మంది వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోయే సభలే ఎక్కువ. ఆ పదిమందిలో మీరుండి ఒక ప్రశ్న లేచి అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

నోటుబుక్కులో ఒక్కో ఇల్లు

నా లెక్కలో ఎన్నిక మొత్తం ఇక్కడే ఉంది. వార్డు జాబితా జిరాక్సు తీసి, వరుస నంబర్లు పక్కనబెట్టి, వీధి వరుసలో ఇల్లిల్లూ నోటుబుక్కులో ఎక్కించండి. ఒక్కో పేరు పక్కన అయిదు సంగతులు రాసుకోండి: ఊళ్లో ఉన్నారా, వలస వెళ్లారా, చనిపోయారా, పెళ్లయి వెళ్లిపోయారా, మంచం పట్టారా. జాబితాలో 280 ఓట్లుంటే నిజంగా పడేవి ఎన్నో అప్పుడు తేలుతుంది. రెండుసార్లు కాలినడకన తిరగాలి. మొదటిసారి ఓటు అడగొద్దు, వివరాలే అడగండి.

వలస ఓట్లు మన జిల్లాల్లో ఎక్కువ. ఎచ్చెర్ల తీరం వైపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్తారు, నెలల తరబడి రారు. ఉద్దానం కుర్రాళ్లు చెన్నై, హైదరాబాద్ కట్టుబడి పనుల్లో ఉంటారు. వాళ్లందరూ ఊరికొచ్చేది సంక్రాంతికి, లేదా గ్రామదేవత పండక్కి. ఆ మూడు నాలుగు రోజులు మీరు ఇంట్లో గారెలు తింటూ కూర్చోకుండా తిరగండి. ఫోన్ నంబరు తీసుకోండి, ఎన్నికలకు వస్తారా రారా నేరుగా అడగండి. టిక్కెట్లు తీయించి బస్సు పెట్టి తీసుకురావడం మాత్రం వద్దు. ఓటర్లకు రవాణా ఏర్పాటు చేయడం ఎన్నికల నేరం. అవతలి పక్షం పెట్టిందని మీరూ పెడితే ఇద్దరి మీదా కేసే.

నెల్లిమర్ల వైపు జూట్ మిల్లు షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లకు మధ్యాహ్నం వెళ్తే తలుపేసి నిద్రపోతుంటారు. జీడితోటలున్న ఊళ్లో పొద్దున్నే ఎవరూ ఇంట్లో ఉండరు. ఏ ఇంటికి ఏ వేళ వెళ్లాలో కూడా నోటుబుక్కులో రాయండి. డ్వాక్రా సంఘం మీటింగు ఏ రోజో తెలుసుకోండి. ఇంటి పెద్దాయన ‘మా ఓట్లన్నీ నీకే బావూ’ అని భుజం తడితే అన్నీ మీవే అనుకుని అయిదు టిక్కులు పెట్టేసుకోకండి. ఆ ఇంట్లో ఆయనకున్నది ఒక్క ఓటే. మిగతా నలుగురినీ విడిగా కలవండి, ముఖ్యంగా కోడళ్లని.

‘ఈ పాలికి ఒగ్గీ బావూ’

మీరు నిలబడుతున్నారని తెలియగానే రామమందిరం అరుగు మీదికి పిలుస్తారు. పెద్దలు కూర్చుని, ‘ఏటి బావూ, నిలబడతన్నావట? ఊరు ఒక్కమాట మీదుంటే మంచిది గదా. ఈ పాలికి ఒగ్గీ, మరో పాలి సూద్దారి’ అంటారు. ఏకగ్రీవం చేస్తే ఊరికి ప్రభుత్వం డబ్బిస్తుందని కూడా చెప్తారు. అది నిజమే. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు.

నిజంగా అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒకరిని అనుకుంటే తప్పేం లేదు. పదవిని వేలంపాట పెట్టి, ఎక్కువ పాడినవాడికి ఇచ్చి, ఆ డబ్బు గుడికి రాసుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. మిమ్మల్ని బెదిరించి కాగితం వెనక్కి తీయించినా అంతే. అరుగు మీద వెంటనే అవుననో కాదనో చెప్పకండి. ‘ఇంట్లో మాట్లాడి చెప్తాను తాతా’ అని లేచి రండి. పెద్దలతో గొడవపడి నిలబడ్డ అభ్యర్థి వార్డులో సగం ఇళ్లు ఆ రోజే పోగొట్టుకుంటాడు. మర్యాదగా మాట్లాడి, తన మాట మీద నిలబడ్డవాడికి మాత్రం అదే అరుగు మీద కూర్చున్న ఒకరిద్దరు ముసలాళ్లు లోపల్లోపల ఓటేస్తారు. బెదిరింపు దాకా వెళ్తే మండల పరిషత్ ఆఫీసులోని ఎన్నికల అధికారికీ, పోలీసులకూ రాతపూర్వకంగా ఇవ్వండి.

నామినేషన్ వేసే రోజు

మీ ఊళ్లోనే తీసుకుంటారనుకోకండి. నాలుగైదు పంచాయతీలను ఒక క్లస్టరుగా చేసి, వాటిలో ఒక ఊళ్లో రిటర్నింగ్ అధికారి కూర్చుంటారు. ఏ ఊరో ముందు కనుక్కోండి. సమయం ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం 5 దాకా. మూడో రోజు మంచి ముహూర్తం ఉందని అందరూ ఆ రోజే వస్తారు. మీరు మొదటి రోజు వెళ్లండి. ఏదైనా తక్కువైతే తెచ్చుకోవడానికి ఇంకా రెండు రోజులుంటాయి.

చేతిలో ఉండాల్సినవి: నింపిన నామినేషన్ పత్రం, ఓటరు జాబితాలో మీ పేరున్న పేజీ, ప్రతిపాదించేవారి పేరున్న పేజీ, కుల ధ్రువపత్రం, బకాయి లేదన్న కాగితం, ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలతో ఇద్దరు సాక్షులు సంతకం పెట్టిన స్వీయ ప్రకటన, డిపాజిట్ డబ్బులు. 2021లో వార్డుకి డిపాజిట్ 1,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 500. సర్పంచ్‌కి 3,000, 1,500. ఈసారి ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

మిమ్మల్ని ప్రతిపాదించేవారు మీరు పోటీచేసే వార్డులోనే ఓటరై ఉండాలి. మీ ఓటు మాత్రం అదే పంచాయతీలో ఏ వార్డులో ఉన్నా ఫర్వాలేదు. ఈ తేడా తెలియక పక్క వార్డు బావమరిది చేత సంతకం పెట్టించుకుని, పరిశీలనలో తిరస్కరణకు గురైనవాళ్లున్నారు. మాట మీద నిలబడే మనిషినే ఎంచుకోండి. రాత్రికి రాత్రి ‘ఆ సంతకం నాది కాదు’ అనే రకం వద్దు.

పత్రంలో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. కేసుల్లేకపోతే ‘లేవు’ అని రాయండి, అప్పు లేకపోతే ‘లేదు’ అని రాయండి. గీత గీసి వదిలేస్తే దాని మీదే అభ్యంతరం లేస్తుంది. పేరు దగ్గర జాగ్రత్త. మీ అసలు పేరు వెంకట సూర్యనారాయణ అయి ఊరంతా సూరిబాబు అంటే, బ్యాలెట్ మీద జనం గుర్తుపట్టేలా పేరు రాయడం గురించి ఫారం ఇచ్చేటప్పుడే అధికారితో మాట్లాడండి. ఒకే వార్డులో ఇద్దరు అప్పలనాయుళ్లు ఉంటే ఇంటిపేరే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి. పరిశీలన రోజున మీరే స్వయంగా వెళ్లండి, అవతలివాళ్లేం అంటున్నారో చెవులారా వినండి. మీది తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తర్వు కాపీ తీసుకుని, మర్నాడే రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గర అప్పీలు వేయాలి. శ్రీకాకుళం జిల్లావాళ్లకు శ్రీకాకుళం, టెక్కలి, పలాస. విజయనగరం జిల్లావాళ్లకు విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి. మీ మండలం ఏ డివిజన్ కిందకొస్తుందో ముందే రాసుకోండి. రాజాం వైపు మండలాలు 2022లో విజయనగరం జిల్లాలోకి మారాయి, పాత అలవాటుతో శ్రీకాకుళం బస్సెక్కకండి.

గుర్తు వచ్చాక

గుర్తు మీరు కోరుకుంటే ఇచ్చేది కాదు. పోటీలో మిగిలినవాళ్ల పేర్లు తెలుగు అక్షరక్రమంలో పెట్టి, ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తులు వరుసగా కేటాయిస్తారు. ఏదొచ్చినా అది గుర్తుండిపోయేలా చేయడం మీ పని. ఏ వస్తువు గుర్తుగా వస్తే ఆ వస్తువు చేత్తో పట్టుకుని తిరగండి. కరపత్రం వేయిస్తే దాని మీద ముద్రించినవారి పేరు, వేయించినవారి పేరు తప్పకుండా ఉండాలి. మైకుకు, ఆటోకు అనుమతి కావాలి. గుడిలో, చర్చిలో, మసీదులో ప్రచారం చేయకూడదు.

ముసలివాళ్లకు ఓటేసే తీరు నేర్పించండి. ఈ ఎన్నిక బ్యాలెట్ కాగితాలతో జరుగుతుంది. సర్పంచ్‌ది గులాబీ రంగు, వార్డుది తెలుపు. శాసనసభకు మెషీను మీద నొక్కి అలవాటైనవాళ్లు కాగితం చేతికి రాగానే తడబడతారు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే, ఇద్దరికీ పడితే, ఆ ఓటు చెల్లదు. రెండు మూడు ఓట్ల తేడాతో తేలే వార్డుల్లో చెల్లని ఓట్లే ఫలితం తేలుస్తాయి. తెల్ల కాగితం మీద గళ్లు గీసి, సీసా మూత సిరాలో అద్ది ఇంట్లోనే చూపించండి. ముద్ర గుర్తు మీదే పడాలి, కాగితం మడతపెట్టేటప్పుడు సిరా అంటుకోకూడదు. ఈ పది నిమిషాల పాఠం ఆరు కరపత్రాలకన్నా నయం.

డబ్బు గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే ఇది అబద్ధపు వ్యాసమవుతుంది. ఓటుకింత అని పంచేవాళ్లు ఉంటారు, ఆఖరి రెండు రాత్రులూ సీసాలు తిరుగుతాయి. 2020లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం డబ్బు, మద్యం పంచుతూ దొరికితే గెలిచినా పదవి పోతుంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం పక్కనబెట్టి ఉత్త లెక్క చూసినా వార్డుకి అది గిట్టుబాటు కాదు. సర్పంచ్‌కే నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. వార్డుకి లక్ష ఖర్చు పెట్టినవాడు అది ఎక్కడినుంచి రాబట్టుకుంటాడో ఊరికి తెలుసు. మీరు పంచట్లేదని దాచకండి, సిగ్గుపడుతూ చెప్పకండి. ‘నా దగ్గర లేవు పిన్నీ, ఉన్నా ఇవ్వను, కాలువ తీయించకపోతే నా ఇంటికొచ్చి అడుగు’ అనండి. కొందరు నవ్వుతారు. ఆ పక్కవాడిచ్చింది తీసుకుని మీకు ఓటేసేవాళ్లూ ఉంటారు.

ఖర్చు పరిమితి 2021లో పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డుకి 30 వేలు, అంతకుమించి ఉంటే 50 వేలు. సర్పంచ్‌కి 1.5 లక్షలు, 2.5 లక్షలు. టీ కొట్టు బిల్లుతో సహా ప్రతిదీ ఆ రోజే పుస్తకంలో రాయండి. విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి అందులోంచే ఖర్చుపెడితే తర్వాత తలనొప్పి ఉండదు.

పోలింగ్, లెక్కింపు

2021లో పోలింగ్ ఉదయం ఆరున్నరకే మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. చలికాలంలో ఆరున్నరంటే మన వైపు ఇంకా మంచు కురుస్తుంటుంది. మీ ఏజెంటు ఆరింటికే బూత్‌లో ఉండాలి, ముఖాలు చూసి పేరు చెప్పగలిగినవాడై ఉండాలి. నోటుబుక్కులో రాసుకున్న వలసవాళ్లు, చనిపోయినవాళ్ల వివరాలు అతని దగ్గరుంటే దొంగ ఓటు దగ్గర అభ్యంతరం చెప్పగలడు. మీ నోటుబుక్కు అసలు విలువ ఆ రోజు తెలుస్తుంది. పదకొండింటికల్లా ఎవరు రాలేదో చూసి, మనిషిని పంపి పిలిపించండి.

లెక్కింపు ఆ సాయంత్రమే మొదలవుతుంది. లెక్కింపు బల్ల దగ్గర కోపం లేని మనిషిని కూర్చోబెట్టండి. చెల్లని ఓట్లను పక్కన పెడుతున్నప్పుడే ఒక్కోటి చూడాలి, కట్టలు కట్టాక అడిగితే ఆలస్యమైపోతుంది. మళ్లీ లెక్కపెట్టమని అడగాలంటే ఫలితం ప్రకటించకముందే కారణంతో రాసివ్వాలి. సమానంగా వస్తే చీటీ తీసి తేలుస్తారు.

గెలిస్తే ఇంటికి వెళ్లిపోకండి. చాలాచోట్ల ఉప సర్పంచ్ ఎన్నిక అప్పటికప్పుడే పెడతారు, వార్డు మెంబర్లు చేతులెత్తి ఎన్నుకుంటారు. మిమ్మల్ని ఆ రాత్రి ఎవరైనా కారెక్కించుకుని ‘అలా తిరిగొద్దాం’ అంటే వెళ్లొద్దు. ఆ ఓటు కోసమే ఆ కారు.

గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్కలు మండల పరిషత్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఓడినవాళ్లు ‘మనకెందుకులే’ అని వదిలేస్తారు, తర్వాత ఎన్నికకు అనర్హుల జాబితాలో పేరు చూసుకుని లబోదిబోమంటారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు వచ్చి ఉంటే మీ డిపాజిట్ మీకు తిరిగొస్తుంది. లెక్కలు ఇవ్వడానికి వెళ్లిన రోజే దానికీ అర్జీ పెట్టి, రెండింటికీ స్టాంపు వేయించుకున్న కాపీ తెచ్చుకోండి.